పరిచారిక నడుము

నడుమును గూర్చి తెలుగువాడు మాటలాడినంతగా మఱి యే యవయవమును గూర్చియు మాటలాడడేమో. పనికి పూనుకొనిన నడుము కట్టితిమందుము. అలసి వచ్చిన కాస్త నడుము వాల్చెదమందుము. అప్పులపాలైనవానికి నడుము విరిగినదందుము. కోడలు గుణవంతురాలని చెప్పవలసి వచ్చినప్పుడు "నడుము వంచి పనిచేయును" అందుము. అంతకు మించిన యోగ్యతాపత్రము మన యిండ్లలో ఆడుదానికి లేదు. కావ్యములు చదివినవారికి వేఱొక నడుము కూడ పరిచితమే. అది యున్నదో లేదో యని కవి సంశయించు నడుము, ఆకసముతోను సింగపు నడుముతోను పోల్చబడు నడుము. దాని క్రిందనున్న నితంబ మన్ననో కవులకు కేవలము భారము, నాయిక నడక మందగించుటకు హేతువు. మేము చదువుకొన్న దినములలో ఈ వర్ణనములను కంఠస్థము చేసితిమి. ఇప్పుడు పిల్లలకు బోధించుచున్నాము. కాని ఆ నితంబ మొక పని చేయునని, శరీరమునందలి పెద్ద కండరములలో మేటి కండర మచ్చటనే యున్నదని, మనుష్యుడు నిటారుగా నిలుచుటయు నడచుటయు దాని చలువయే యని ఏ వ్యాఖ్యాతయు మాకు చెప్పియుండలేదు.

ఆ సంగతి మాకు తెలియవచ్చినది మా మేనకోడలివలన. ఆమెది దివిసీమ, అవనిగడ్డకు దిగువ నున్న పల్లె. నర్సింగు చదివి గుడివాడ ప్రాంతమున నొక యాసుపత్రిలో పదేండ్లుగా పనిచేయుచున్నది. వయస్సు ముప్పదిరెండు. రెండేండ్లుగా నడుమునొప్పి. మూడు మాసములు దాటిన నొప్పిని దీర్ఘకాలికమని వైద్యులు వ్యవహరింతురు. ఆ లెక్కన నామెది దీర్ఘకాలికములలో దీర్ఘకాలికము. మొదట నెవ్వరితోను చెప్పలేదు. తరువాత మాత్రలు మ్రింగినది. ఆసుపత్రిలో మెలగువారికి సూదిమందు దుర్లభము కాదు గనుక తోటి నర్సుచేత వేయించుకొని మరల వార్డులోనికి పోయినది. ఆ పిమ్మట మందుల దుకాణమున నొక నడుము బెల్టు కొన్నది. చిట్టచివరకు స్కానింగు తీయించిన, "డిస్కు ఉబ్బినది" అని కాగితము వచ్చినది. ఆ కాగితముతో ఇంటిలో సభ కూడినది. మేనమామ హోదాలో మమ్మును పిలిపించిరి.

ఆమె అత్తగారు దుష్టురాలు కాదు. ఆమె మాట యిది: "నిలబడి సూదులేసే ఉద్యోగానికి నడుం నొప్పేమిటన్నయ్యగారూ? మేం ఊడ్పుల్లో రోజుల తరబడి వంగే ఉండేవాళ్లం. మాకెవరు తీశారు ఫొటోలు?" భర్త అభిప్రాయము వేఱు. డిస్కు జారినదన్న భయముతో నతడు ఉద్యోగము మాన్పింప నిశ్చయించినాడు. అత్తగారు నొప్పి లేదనుచున్నది, భర్త నొప్పి తీరదనుచున్నాడు. ఇద్దరి తీర్పునకు ఫలము మాత్ర మొక్కటే. పదేండ్ల విద్య, స్వార్జితమైన జీతము, తన పేర తానొక మనిషిగా నిలిచిన చోటు, ఇవన్నియు నొక కాగితము మీది రెండు మాటలకు బలియగుటకు సిద్ధముగా నున్నవి. అమ్మాయి మాత్రము గోడ కానుకొని, ఒక కాలిమీద నొకసారి, మఱొక కాలిమీద నొకసారి బరువు మార్చుచు నిలుచుండి యుండెను.

ముందుగా ఆ కాగితము మాట. వెన్నుపూసల నడుమ నుండు మెత్తలు వయస్సుతో ఉబ్బుట, ఎండుట నొప్పి లేనివారి యందును సర్వసాధారణము. ఏ నొప్పియు లేని వేలకొలది జనుల స్కానింగు చిత్రములను గూర్చిన పరిశోధనములను 2015లో నొకచోట చేర్చి చూడగా, ముప్పదేండ్ల వయస్సువారిలో నూటికి 40 మందికి, ఏబదేండ్లవారిలో నూటికి 60 మందికి డిస్కు ఉబ్బియే యున్నట్లు తేలినది. వారందఱును హాయిగా తిరుగుచున్నవారే. తలవెండ్రుక నెరసినంత మాత్రమున తలనొప్పికి నదియే కారణమందుమా? కొందఱి విషయమున డిస్కు నిజముగా నరమును నొక్కును. కాలు తిమ్మిరియెక్కి బలము తగ్గును, మూత్రము బిగియును, తొడల నడుమ స్పర్శ తెలియకుండును. అట్టివారు గడియ ఆలస్యము చేయక వైద్యుని చేరవలయును. కాని నడుమునొప్పి గలవారిలో నూటికి తొంబదిమంది విషయమున ఇదిగో కారణమని వేలుపెట్టి చూపదగిన దొక్కటియు కానరాదు. 2020లో లోకమున దాదాపు 62 కోట్లమందికి నడుమునొప్పి యున్నదని గణించిరి. అశక్తతకు హేతువులగు వ్యాధులలో దీనిదే అగ్రాసనము.

ఆమెను బందరునందు ఫిజియోథెరపీ చేయు నొక యువకునియొద్దకు మేమే తోడ్కొనిపోయితిమి. అతడు కాగితమును ప్రక్కన బెట్టి, "ఒక కాలిమీద నిలబడండమ్మా" అన్నాడు. కుడికాలిమీద నిలువగా నామె యెడమవైపు కటి మెల్లగా క్రిందికి జారెను. ఆమెకు తెలియలేదు, మాకు కనబడెను. జర్మను శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బుర్గు 1895లో వర్ణించిన గుర్తు ఇదియే యని అతడు చెప్పెను. ఖర్చు లేదు, యంత్రము లేదు. ఆమె ఆసుపత్రులలో పదేండ్లు మెలగియు నెన్నడు నీ పరీక్షకు నిలిచియుండలేదట.

దాని మర్మము బడిలో చెప్పు తులాదండ న్యాయమే. మన మొంటికాలిమీద నిలిచినప్పుడు దేహమొక కావడివంటిది. కాని యది యంచనా తప్పిన కావడి. ఆధారము తుంటికీలు. దానికి లోపలి వైపున మొండెము, తల, గాలిలో నున్న కాలు, ఇంత బరువును దూరమున వ్రేలాడుచుండును. వెలుపలి వైపున, కీలునకు కొద్ది వేళ్ల దూరములో, తుంటి ప్రక్క నుండు విసనకఱ్ఱవంటి కండరము. దానిని గ్లూటియస్ మీడియస్ అందురు. ఆ పొట్టి చేయి ఈ పొడుగు చేతిని నిలువరింపవలయు నన్న, దేహపు బరువునకు దాదాపు రెండింతల బలముతో నది లాగవలసియుండును. నడకలో ప్రతి యడుగును ఒక క్షణము ఒంటికాలి నిలుకడయే గదా! రోజునకు వేలసారులు. ఈ కండరము బడలినను, సమయమునకు మేల్కొనకున్నను, కటివలయ మొరుగును. దానిపై నిలిచిన వెన్ను అటునిటు నూగిసలాడును. ఆ యూపు నాపుటకు నడుములోని చిన్న కండరములు తమది కాని చాకిరికి పూనుకొనును. యజమాని నిద్రించిన పాలేళ్లు నలిగినట్లు తుంటి సోమరియైన నడుము నలుగును.

ఇది కేవలము ఊహ కాదు. 2016లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున దీర్ఘకాలిక నడుమునొప్పి గల 150 మందిని, నొప్పిలేని 75 మందిని పరీక్షింపగా, నొప్పిగలవారిలో ఈ ప్రక్క కండరము బలహీనమై, నొక్కిన నొప్పి పుట్టునదియై యుండెను. నొప్పివలన బలము తగ్గినదా, బలము తగ్గుటవలన నొప్పి వచ్చినదా యన్న ప్రశ్న దీనితో తీరదు. దానికంటె మాకు విశేషముగా తోచినది 2008లో నెల్సన్-వాంగు, ఆమె తోటివారు కెనడాలో చేసిన ప్రయోగము. ఏ నొప్పియు లేని యువజనులను రెండు గంటలు నిలుచుండబెట్టి, రెండు తుంటుల కండరములును పనిచేయు తీరును కనిపెట్టిరి. తుదకు నడుమునొప్పి పుట్టినవారిలో రెండువైపుల కండరములు నొకేసారి బిగియు స్వభావము, నొప్పి పుట్టుటకు ముందే యున్నట్లు కనబడెను. రెండు కావళ్ల మోతగాండ్రు వంతులవారీగ మోయుటకు మాఱు ఇద్దఱును ఒకేసారి బిగబట్టి నిలిచిన నెవ్వరికి విశ్రాంతి? కావున ప్రశ్న బలము మాత్రమే కాదు, కూడబలుక్కొని పనిచేయు నేర్పు కూడ. నిలబడుట పని కాదన్న అత్తగారి వాదమునకును ఇచ్చటనే సమాధానము కలదు.

అత్తగారి యూడ్పుల మాట కూడ త్రోసిపుచ్చదగినది కాదు. దివిసీమ పొలములలో నాట్లు వేయు స్త్రీలు మోకాళ్లు చాచి, నడుము సగమునకు మడిచి, వెనుకకు నడచుచు గంటలకొలది పనిచేయుదురు. అట్లు పూర్తిగా వంగినప్పుడు వెన్ను కండరములు చేతులెత్తివేసి మౌనము వహించుననియు, బరువంతయు కీళ్లను కట్టియుంచు బంధనములపై పడుననియు, ఫ్లాయిడు, సిల్వరు అను నాంగ్లేయ శాస్త్రజ్ఞులు 1950ల నాటికే తెలిపియున్నారు. ఆ వియ్యపురాలు రాత్రి పడుకొనబోవుటకు ముందు నడుముకు జండూబామ్ వ్రాయించుకొనుట మే మెఱుగుదుము. నొప్పి లేక కాదు, నొప్పికి పేరు లేక వారు భరించిరి.

మన జిల్లాలోనే మఱొక భంగిమ కలదు. పామర్రు చెంత కూచిపూడి. అచ్చటి నాట్యమునకు పునాది అరమండి: పాదములు విడదీసి, మోకాళ్లు ప్రక్కలకు వంచి, వెన్ను నిటారుగా నిలిపి సగము కూర్చుండుట. ఆ స్థితిలో దేహపు బరువును తొడలును తుంటియు వహించును. నడుము నిశ్చింతగా నుండును. నాట్యమునకు నొప్పులు లేవని మేమనము. కాని పొలములోని మడతకును రంగస్థలము మీది మండికిని గల భేదమును ఒకే మండలపు పిల్లలు దినదినము చూచుచున్నారు. తుంటివద్ద వంగుట వేఱు, నడుమువద్ద వంగుట వేఱు. మేము తరగతిలో లెక్క కట్టించితిమి: వెన్ను కండరములు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల వెనుక నుండును, చేతిలోని 10 కిలోల బరువు 50 సెంటీమీటర్ల ముందున్నయెడల, ఆ కండరములు 100 కిలోల బలముతో లాగవలయును. బరువును ఒడికి దగ్గఱ చేర్చుకొని 25 సెంటీమీటర్లకు తెచ్చిన 50 కిలోలు చాలును. పిల్లలు నమ్మక మరల మరల కొలిచిరి.

ఫిజియోథెరపీ యువకుడు నేర్పిన అభ్యాసములు అతి సామాన్యములు. వెల్లకిల పరుండి మోకాళ్లు ముడిచి పిరుదులను పైకెత్తుట, ప్రక్కకు ఒత్తిగిలి పై మోకాలిని మెల్లగా తెఱచుట, గోడ నానుకొని ఒంటికాలిమీద కటి యొరగకుండ నిలుచుట, దినదినము నడక. నడకయా! వార్డులో నామె నడచుట లేదా యని మేమే అడిగితిమి. వార్డు నడక నాలు గడుగులకొక వంగుడు, ఆఱడుగులకొక నిలుకడ అని యతడు నవ్వెను. 2024లో లాన్సెటు పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనములో, నడుమునొప్పి యొకసారి తగ్గిన 701 మందిలో క్రమముగా నడక సాగించినవారికి నొప్పి మరల వచ్చుటకు సగటున 208 దినములు పట్టగా, తక్కినవారికి 112 దినములకే వచ్చెను. బెల్టు సంగతి: ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 డిసెంబరులో ప్రకటించిన మార్గదర్శకములలో వ్యాయామమును, అవగాహనను పురస్కరించి, నడుము పట్టీలను, బరువులు కట్టి లాగుటను, నల్లమందు జాతి మందులను వలదనెను. మా యమ్మాయి బెల్టు ఇప్పుడు బియ్యపు బస్తా మూతికి చుట్టబడి యున్నది.

మూడు మాసములలో నొప్పి సగమునకు పైగా తగ్గెను. కటి జారుట మానెను. ఇంటిలో ఉద్యోగము మాన్పించు మాట సద్దుమణిగెను. పిమ్మట వారము రోజులు వరుసగా రాత్రి డ్యూటీ పడెను. నొప్పి మరల తలయెత్తెను.

అప్పుడు మేము, కూచిపూడి పాఠము గుర్తు పెట్టుకొని, రోగిని లేపునప్పుడు మోకాళ్లు వంచుచున్నావా యని ప్రశ్నించితిమి. "మాకూ నేర్పారు మామయ్యా, బొమ్మలు గీసి మరీ నేర్పారు. రాత్రి నలభై మంచాలకి ఇద్దరం. ఎనభై కిలోల మనిషి మంచం మీంచి జారిపోతుంటాడు. పక్కన సెలైను స్టాండు, కింద తడి. అక్కడ అరమండి ఎలా వేస్తాం చెప్పు?" అన్నది. శాస్త్రమును ఆమె పక్షముననే యున్నది. బరువులెత్తు పద్ధతి నేర్పినంత మాత్రమున పనివారికి నడుమునొప్పి నివారింపబడుట లేదని 2011లో కాక్రేను సంస్థవారి సమీక్ష తేల్చినది. కర్మాగారములో పెట్టె నెత్తుటకు అమెరికా వారు 1991లో గరిష్ఠముగా 23 కిలోలు నిర్ణయించిరి. అదియు పిడులుండి, ఒడికి దగ్గఱగా నుండి, అన్ని విధముల ననుకూలించిన పెట్టె. మనుష్యుడు పెట్టె కాడు. అతడు కదలును, మూల్గును, మెడ పట్టుకొని వ్రేలాడును. అందుచేత రోగి నెత్తుటకు 16 కిలోలే మేరయని 2007లో వాటర్సు అను నిపుణుడు సూచించెను. ఒక కాలు పట్టి యెత్తుటకే ఆ మేర సరిపోవును!

చరకసంహిత సూత్రస్థానములో వైద్యమునకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము ఉండవలెనని మనవారు ఉపన్యాసములలో ఉదాహరించుచుందురు. నర్సుల దినోత్సవమున నెవరో యొకరు తప్పక ఉదాహరింతురు. అదే స్థానమున పదునైదవ అధ్యాయమును మాత్రమెవ్వరును తెఱవరు. చికిత్సాగారమునకు సమకూర్పవలసిన పరిచారకుల పట్టిక అచ్చట నున్నది. వంటవారు, స్నానము చేయించువారు, ఒళ్లు పట్టువారు, మందు నూఱువారు. వారితోపాటు ఉత్థాపకులు, సంవేశకులు. అనగా రోగిని లేపువారు, పరుండబెట్టువారు. రోగిని లేవనెత్తుట యొక పనియనియు, దానికి వేఱుగా మనుష్యులు కావలయుననియు ఆ గ్రంథకర్త గుర్తించెను. ఈనాడు ఆ పట్టికలోని పనులలో వంట తప్ప తక్కినవన్నియు నొక్క స్త్రీ నడుముమీద పెట్టి, అనురాగము చాలలేదని ఆక్షేపించుచున్నాము.

ఈ యుదాసీనతకు మూలము దూరము వెదుక నక్కఱలేదు. పరుల మలమూత్రము లెత్తు పని యని, పరపురుషుని దేహము ముట్టు పని యని, మన అగ్రవర్ణ కుటుంబములు తమ పిల్లలను చాలకాల మీ వృత్తికి పంపలేదు. 1883లో గుంటూరునకు వచ్చి 1898లో ఆసుపత్రి తెఱచిన అన్నా కుగ్లరు వంటి మిషనరీ వైద్యుల నాటినుండి ఈ సేవకు ముందుకు వచ్చినవారు ఎక్కువగా క్రైస్తవ కుటుంబముల బాలికలు, మనము అంటరానివారని ఊరికి వెలుపల నుంచినవారి బిడ్డలు. వారికి జీతము నిచ్చుటకు వెనుకాడితిమి గాని "అమ్మ" యని, "దేవత" యని బిరుదులిచ్చుటకు వెనుకాడలేదు. దేవతకు నడుముండదు గదా. ఈ వృత్తికి ఆదిగురువగు ఫ్లోరెన్సు నైటింగేలు మన దేశమునకు రాకయే మన కాలువలను గూర్చి వ్రాసి, కాటను దొర పక్షము వహించిన మహనీయురాలు. క్రిమియా యుద్ధమునుండి తిరిగివచ్చిన పిదప ఏండ్ల తరబడి మంచము పట్టి, తీవ్రమైన వెన్నునొప్పితో బాధపడుచునే ఆ గ్రంథరాశి నంతయు వ్రాసినది. ఆమె చేతిలోని దీపమునే చిత్రకారులు వ్రాసిరి. వెన్ను నెవరును వ్రాయలేదు.

మఱియొక చిక్కు. తుంటి, పిరుదు అను మాటలు మర్యాదగల యింట పలుకదగినవి కావు. నొప్పి సరిగా పిరుదు ప్రక్కనే యున్నను ఆడుపిల్ల దానిని "నడుమునొప్పి" యని పైకి జరిపి చెప్పును. తాను నర్సయ్యును మా మేనకోడలు రెండేండ్లు అట్లే చెప్పినది. నాయికానితంబమును సభలో నిస్సంకోచముగా వర్ణించు విద్యావంతులు, ఇంటి యాడుదాని తుంటినొప్పి వినిన మొగము త్రిప్పుకొందురు.

భారత నర్సింగు మండలి లెక్క ప్రకారము బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు, సామాన్యాసుపత్రిలో అయిదుగురికొక నర్సు ఉండవలయును. బందరునందు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది గనుక, ఆ మొదటి లెక్క మన పట్టణమునకును చేరువైనది. దానిని అడుగు హక్కు ఓటు వేయు ప్రతివానికిని కలదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు నర్సులు 1998లో "చేతులతో ఎత్తము" అను నియమమును సాధించుకొనిరి. రోగి నెత్తుటకు జోలెవంటి యంత్రములు, జారుడు వస్త్రములు, ఎత్తు మార్చుకొను మంచములు అచ్చట వార్డు సామగ్రిలో చేరినవి. మనయొద్ద మంచము ఎత్తు మార్చు పిడి తుప్పుపట్టియుండుటయు గొప్పగా భావింపబడదు.

యంత్రములు వచ్చులోపల మన చేతిలోనిదొకటి కలదు. మన ఆసుపత్రులలో రోగికి తోడుగా నిద్దరు ముగ్గురు బంధువులు రాని దినము లేదు. రోగిని ప్రక్కకు త్రిప్పు వేళకు మగవారు టీ కొట్టువద్ద నుందురు. లోపల నర్సును, రోగి ముసలితల్లియు పెనగులాడుచుందురు. ఈ వ్యాసము చదువువారు ఆసుపత్రికి పోవలసి వచ్చినయెడల, ముందుగా నర్సు నడిగి, ఆమె సమ్మతించినప్పుడే చేయిడవలయును. ఎముక విఱిగినవారిని, శస్త్రచికిత్స జరిగినవారిని ఆమె చెప్పక కదల్పరాదు. రోగి భుజములనుండి తొడల వఱకు క్రింద నొక మడత దుప్పటి పఱచి, ఇరువైపుల నిద్దఱేసి నిలిచి, దుప్పటి యంచును రోగి దేహమునకు దగ్గఱగా చుట్టి పట్టుకొని, ఒక పాదము ముందుకు నొకటి వెనుకకు నుంచి, మోకాళ్లు కొంచెము వంచి, ఎత్తక జరుపవలయును. ఎప్పుడు లాగవలెనో లెక్క పెట్టు అధికారము నర్సుదే. మొన్న మా బంధువొకరిని చేర్చినచోట మా పెద్దమేనల్లుడును మేమును ఇట్లే చేసితిమి. రోగి బాధ లేకుండ జరిగెను, నర్సు ప్రక్క మంచము నొద్దకు వెంటనే పోగలిగెను.